ప్రశ్న క్వెరీది, చిక్కు టేబుల్‌ది

సరదాగా సాఫ్ట్‌వేర్ రాసుకునేవాళ్లు డేటాబేస్ గురించి అడిగే ప్రశ్నల్లో చాలావరకు "ఈ క్వెరీ (డేటాబేస్‌ను సమాచారం అడిగే ఆదేశం) ఎలా రాయాలి?" అనే మొదలవుతాయి. ఒకే కాలమ్‌లో కామాలతో పేర్చిన పేర్లలోంచి ఒక్క పేరును ఎలా వెతకాలి, ఒక్కో సభ్యుడి ఆఖరి ఎంట్రీ మాత్రమే ఎలా తేవాలి, రెండు టేబుళ్లు కలపగానే మొత్తం రెట్టింపు ఎందుకవుతోంది, ఇలా. జవాబిచ్చేవాళ్లు కూడా అలవాటుగా క్వెరీయే రాసిస్తారు. అది పనిచేస్తుంది కూడా. కొన్నాళ్లకు అదే యాప్ గురించి మరో ప్రశ్న వస్తుంది, ఈసారి క్వెరీ ఇంకాస్త పొడుగ్గా ఉంటుంది. అడిగేవాళ్లకు క్వెరీలు రాయడం రాదనుకుంటే పొరపాటే. టేబుల్‌లో ఒక్కో వరుస దేని గురించి చెబుతోందో ముందు తేల్చుకోకపోవడమే చాలాసార్లు అసలు చిక్కు.

అది ఎందుకు తేలదో యాప్ పుట్టే క్రమంలోనే తెలుస్తుంది. జీతానికి రాసేచోట టేబుల్ డిజైన్‌ను ఇంకో ఇద్దరైనా చూస్తారు, అడ్డు ప్రశ్నలు వేస్తారు. తీరిక వేళల్లో ఒంటరిగా రాసుకునేవాళ్లకు ఆ అవకాశం తక్కువ. వాళ్ల పని సాధారణంగా స్క్రీన్‌తో మొదలవుతుంది. ఫారంలో ఎన్ని గళ్లుంటే టేబుల్‌లో అన్ని కాలమ్‌లు వచ్చేస్తాయి. అంతకుముందు ఆ సమాచారం స్ప్రెడ్‌షీట్‌లో ఉంటే ఆ షీటే టేబుల్ అయిపోతుంది. పది పదిహేను వరుసలున్నంతకాలం ఇబ్బందేమీ కనిపించదు. ఆ ఆకారం చూపించడానికి సరిపోతుంది గానీ ప్రశ్నలు అడగడానికి సరిపోదని తెలిసేసరికి డేటా బాగానే పోగవుతుంది.

పుస్తకాలు ఎవరికి ఇచ్చామో రాసుకునే చిన్న యాప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. మొదటిసారి డేటాబేస్ ముట్టుకునేవాళ్లలో చాలామంది ఇలాంటిదే రాస్తారు. పైకి తేలిగ్గా కనిపించే ఈ యాప్‌లో డేటాబేస్ డిజైన్‌కు సంబంధించిన చిక్కులు దాదాపు అన్నీ ఉన్నాయి.

కామాలతో మొదలయ్యే కష్టాలు

పుస్తకానికి ఇద్దరు రచయితలుంటే రచయిత కాలమ్‌లో ఇద్దరి పేర్లూ కామా పెట్టి రాసేయడం అందరికీ తట్టే మొదటి మార్గం. పేర్ల బదులు ఐడీలు పెట్టేవాళ్లూ ఉంటారు. అప్పుడు 1వ నంబరు రచయిత కోసం వెతికితే 11, 21 కూడా వచ్చి పడతాయి. దాన్ని ఆపడానికి ముందూ వెనకా కామాలు చేర్చి వెతకడం లాంటి చిట్కాలు బోలెడున్నాయి. కానీ ఒక రచయిత పేరు దిద్దాలన్నా, ఎవరివి ఎన్ని పుస్తకాలున్నాయో లెక్కపెట్టాలన్నా, లేని ఐడీ పొరపాటున చేరకుండా చూడాలన్నా చిట్కా మీద చిట్కా వేసుకుంటూ పోవాల్సిందే. కామాలు మానేసి రచయిత1, రచయిత2, రచయిత3 అని మూడు కాలమ్‌లు పెడితే నాలుగో రచయిత వచ్చినరోజు కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఇది ఇవాళ్టి సమస్య కాదు. ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ మోడల్‌ను (సమాచారాన్ని టేబుళ్లుగా అమర్చే పద్ధతిని) ప్రతిపాదించిన వ్యాసంలోనే, ఒక్కో గడిలో విడదీయలేని ఒక్క విలువే ఉండాలన్న మాట ఉంది. రెండో, మూడో నార్మల్ ఫారాలను (ఒకే సంగతి రెండుచోట్ల పడకుండా టేబుళ్లను విడదీసే నియమాలను) ఆయనే 1971లో వివరించారు. రేమండ్ బాయ్స్‌తో కలిసి 1974లో ఇంకో మెట్టు చేర్చారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ నార్మల్ ఫారాల నిర్వచనాలను పరీక్షకు చదివినట్టు చదివి, తమ టేబుల్‌కు ఎలా వర్తింపజేయాలో తోచక వదిలేస్తారు. నిర్వచనాల కంటే తేలికైన పరీక్ష ఒకటుంది. టేబుల్‌లో ఒక వరుసను మామూలు వాక్యంగా చదవాలి. "ఫలానా పుస్తకానికి ఫలానా వ్యక్తి రచయిత" అన్నది ఒక వాక్యం. ఇద్దరు రచయితలుంటే రెండు వాక్యాలు, కాబట్టి రెండు వరుసలు. అవి పుస్తకాల టేబుల్‌లోనూ రచయితల టేబుల్‌లోనూ ఇమడవు. రెండింటినీ కలిపే మూడో టేబుల్ కావాలి.

ఈ మూడో టేబుల్‌ను చాలామంది ఓ తంతులా చూస్తారు. రెండు ఐడీలు పెట్టి వదిలేస్తారు. నిజానికి సంబంధం గురించి చెప్పుకోవలసినవన్నీ ఉండవలసిన చోటు అదే. ఆ వ్యక్తి రచయితా, అనువాదకులా, సంపాదకులా? అట్ట మీద ఎవరి పేరు ముందుంది? ఈ సంగతులు పుస్తకానికి చెందవు, వ్యక్తికీ చెందవు, ఇద్దరి మధ్య సంబంధానికి చెందుతాయి. అనువాదకుల పేరు ఏ కాలమ్‌లో పెట్టాలన్న ప్రశ్నకు దీంతో జవాబు దొరుకుతుంది.

ట్యాగుల్లాంటివి మాత్రం అంత పట్టింపు లేకుండా వదిలేయవచ్చు. ఒక ట్యాగ్ గురించి దాని పేరు తప్ప చెప్పడానికి ఇంకేమీ లేకపోతే, పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో అర్రే (జాబితా) కాలమ్‌గానో, జేసన్ అనే రాత పద్ధతిలోనో ఉంచినా కొంప మునగదు. జేసన్‌బీ అనే రకం పోస్ట్‌గ్రెస్‌కు 9.4 వెర్షన్‌తో 2014లోనే వచ్చింది, దానికి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వేసే సూచిక) కూడా వేసుకోవచ్చు. అయితే ఈ సౌకర్యం చూసి టేబుల్ మొత్తాన్ని ఒకే జేసన్ కాలమ్‌లో కుక్కేవాళ్లున్నారు. అలా చేస్తే ఆకారం తేల్చుకునే పని తప్పదు, వాయిదా పడుతుందంతే.

పుస్తకం అంటే ఏది?

ఉదాహరణలో అన్నిటికంటే లోతైన చిక్కు ఇదే. పుస్తకాల టేబుల్‌లో పేరు, రచయిత, "బయట ఉందా" అన్న అవును కాదు కాలమ్, "ఎవరి దగ్గర" అన్న కాలమ్ ఉన్నాయనుకుందాం. ఒకే పుస్తకానికి రెండు ప్రతులు వచ్చాయి. ఒకటి బయటికి వెళ్లింది, ఒకటి అరలోనే ఉంది. ఇప్పుడు "బయట ఉందా" కాలమ్‌లో ఏం రాయాలి? సాధారణంగా ఈ దశలో ప్రతుల సంఖ్య అనే కాలమ్ పుట్టుకొస్తుంది. ఇచ్చినప్పుడల్లా ఒకటి తగ్గించి, తిరిగొచ్చినప్పుడల్లా ఒకటి పెంచుతారు. ఒక ప్రతి పోతుంది. ఇంకోదాని అట్ట చిరుగుతుంది, ఆ సంగతి రాసుకోవడానికి చోటుండదు. ఎవరో ఒకే ప్రతిని రెండుసార్లు వాపసు నమోదు చేస్తారు, ఉన్నవాటికంటే లెక్క ఎక్కువవుతుంది. అప్పుడు "కౌంట్ మైనస్‌లోకి, ప్లస్‌లోకి పోతోంది, ట్రిగర్ రాయాలా?" అన్న ప్రశ్న బయల్దేరుతుంది.

ట్రిగర్ (డేటా మారినప్పుడల్లా దానంతటది నడిచే కోడ్) రాసినా ఒరిగేదేమీ లేదు. ఒకే వరుస రెండు వేరు వేరు వస్తువుల గురించి చెప్పాలని చూస్తోంది. శీర్షిక, రచయిత ఉన్న పుస్తకం ఒకటి. అరలో చేతికందే ప్రతి ఇంకొకటి. గ్రంథాలయ శాస్త్రంవాళ్లు దీన్ని ఇంకా సూక్ష్మంగా విడదీశారు. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య 1998లో విడుదల చేసిన నమూనాలో రచన, దాని రూపం, దాని ప్రచురణ, చేతిలో ఉండే ప్రతి అని నాలుగు స్థాయులున్నాయి. ఇంట్లో వాడుకునే యాప్‌కు నాలుగూ పెట్టడం అతి. రెండు చాలు: పుస్తకాలు, ప్రతులు. ఎన్ని స్థాయులు కావాలన్నది యాప్ ఏ ప్రశ్నలకు జవాబివ్వాలో దాన్నిబట్టి తేలుతుంది. ఒక్కో పుస్తకానికి ఎప్పటికీ ఒక్క ప్రతే ఉంటుందని ఖాయమైతే ఒక్క టేబుల్ పెట్టుకున్నా తప్పులేదు.

"ఎవరి దగ్గర ఉంది" అన్న కాలమ్ కూడా ఇలాంటిదే. అది ఇప్పటి స్థితిని మాత్రమే చెబుతుంది. కొత్త పేరు రాయగానే పాత పేరు పోతుంది. "పోయినసారి ఎవరు తీసుకున్నారు?" అన్న ప్రశ్న వచ్చేసరికి జవాబు డేటాబేస్‌లో ఉండదు, ఏ క్వెరీ రాసినా రాదు. ఇచ్చిపుచ్చుకోవడాలకు విడిగా టేబుల్ ఉంటే ఒక్కో వరుసను ఇలా చదవవచ్చు: "ఫలానా ప్రతిని ఫలానా సభ్యుడు ఫలానా రోజు తీసుకున్నారు, ఫలానా రోజు తిరిగి ఇచ్చారు." తిరిగిచ్చిన తేదీ ఖాళీగా ఉంటే ప్రతి ఇంకా బయటే ఉన్నట్టు. స్థితి కోసం వేరే కాలమ్ అక్కర్లేదు, జరిగినవాటిలోంచే అది తేలుతుంది.

ఇక్కడ ఒక అనుమానం రావడం సహజం. గడువు తేదీ తీసుకున్న రోజుకు 14 రోజులు కలిపితే వస్తుంది కదా, దాన్ని విడిగా దాచడం ఒకే సమాచారాన్ని రెండుచోట్ల రాయడం కాదా? కాదు. రేపు గడువును 21 రోజులకు మార్చితే, నిన్న ఇచ్చిన పుస్తకాల గడువు దానంతటది మారిపోకూడదు. ఇచ్చిన రోజున చెప్పిన గడువు ఆ రోజు జరిగిన సంగతి. ఆర్డర్ వేసినప్పటి ధర, పంపినప్పటి చిరునామా కూడా ఇలాంటివే. నార్మలైజేషన్ (టేబుళ్లను నార్మల్ ఫారాల్లోకి తేవడం) అనగానే రెండుచోట్ల కనిపించిన ప్రతిదాన్నీ తీసేయాలనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు.

ఆకారం కుదిరాక నియమాన్ని కూడా డేటాబేస్‌కే అప్పగించవచ్చు. ఒక ప్రతి ఒకేసారి ఇద్దరి దగ్గర ఉండకూడదు. ప్రోగ్రామ్‌లో సాధారణంగా ముందు సెలెక్ట్ చేసి (వరుసను చదివి), బయట లేదని తెలిశాక ఇన్సర్ట్ చేస్తారు (కొత్త వరుస చేరుస్తారు). ఆ రెండింటి మధ్య సందులో ఇంకో రిక్వెస్ట్ దూరవచ్చు. "వాడేది ఒక్కరమే కదా" అంటారు గానీ, బటన్‌ను రెండుసార్లు గబగబా నొక్కినా ఇదే జరుగుతుంది. పోస్ట్‌గ్రెస్‌లోనూ, ఎస్‌క్యూలైట్ అనే మరో డేటాబేస్‌లోనూ పార్షియల్ యునీక్ ఇండెక్స్ అనే వసతి ఉంది. తిరిగిచ్చిన తేదీ ఖాళీగా ఉన్న వరుసల్లో మాత్రమే పుస్తక ప్రతి ఐడీ రెండోసారి రాకూడదని చెప్పవచ్చు. రెండో ఇన్సర్ట్‌కు ఎర్రర్ వస్తుంది, ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని మర్యాదగా సందేశం చూపిస్తే సరి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఇది నేరుగా లేదు. పుస్తకం బయట ఉన్నంతవరకు ఆ ప్రతి ఐడీని, తిరిగొచ్చాక నల్‌ను (ఖాళీ విలువను) చూపించే జనరేటెడ్ కాలమ్ (మిగతా కాలమ్‌ల నుంచి దానంతటది లెక్కకట్టేది) పెట్టి, దాని మీద యునీక్ ఇండెక్స్ వేస్తే అదే ఫలితం వస్తుంది. యునీక్ ఇండెక్స్‌లో అక్కడ నల్‌లు ఎన్నయినా ఉండవచ్చు.

లెక్క రెట్టింపైనప్పుడు

జాయిన్ చేశాక (టేబుళ్లు కలిపాక) మొత్తాలు పెరిగిపోవడం మీద వచ్చే ప్రశ్నలన్నిటికీ మూలం ఒకటే. ఒక పుస్తకానికి ఇద్దరు రచయితలున్నారు, దాన్ని మూడుసార్లు ఇచ్చారు. పుస్తకాన్ని రచయితలతోనూ, ఇచ్చిన వివరాలతోనూ ఒకేసారి జాయిన్ చేస్తే ఆరు వరుసలు వస్తాయి. ఎన్నిసార్లు ఇచ్చామని లెక్కపెడితే ఆరు. డేటాబేస్ తప్పేమీ చేయలేదు. ఇద్దరు రచయితలను మూడుసార్లు ఇచ్చిన వివరాలతో జత కలపమంటే కలిపింది.

దీనికి అందరూ వాడే మందు డిస్టింక్ట్, అంటే ఒకే విలువను ఒక్కసారే లెక్కించడం. కౌంట్‌లో డిస్టింక్ట్ చేర్చి ఇచ్చినవాటి ఐడీలను లెక్కిస్తే జవాబు సరిగ్గానే వస్తుంది. ఆ ధైర్యంతో పుస్తకం మొత్తం ఎన్ని రోజులు బయట ఉందో తెలుసుకోవడానికి సమ్‌లోనూ (కూడికలోనూ) డిస్టింక్ట్ చేరుస్తారు. అసలు ముప్పు అక్కడే ఉంది. రెండుసార్లు పదేసి రోజులు బయట ఉంటే పది ఒక్కసారే లెక్కకొస్తుంది. ముందు ఎక్కువ వచ్చిన మొత్తం ఇప్పుడు తక్కువ వస్తుంది. ఎర్రర్ రాదు. కొన్ని పుస్తకాల దగ్గర సరిగ్గా ఉండి, కొన్నిటి దగ్గర తప్పుతుంది కాబట్టి త్వరగా పట్టుబడదు కూడా. ఇచ్చిన వివరాలను ముందే పుస్తకంవారీగా కూడి, పుస్తకానికి ఒక్క వరుస చేశాక జాయిన్ చేయడమే నికరమైన మార్గం. ఎక్కడైనా డిస్టింక్ట్ పెడితే తప్ప లెక్క కుదరట్లేదంటే, జాయిన్ తర్వాత ఒక్కో వరుస దేని గురించి చెబుతోందో ఒకసారి చూసుకోవాలి.

ఆఖరి ఎంట్రీ తేవడమన్నది ఇంకో నిత్యనూతన ప్రశ్న. ఒక్కో సభ్యుడు చివరగా తీసుకున్న పుస్తకం పేరు కావాలి. సభ్యుడివారీగా గ్రూప్ బై చేసి (వరుసలను గుంపులుగా చేర్చి), గరిష్ఠ తేదీ తీసుకుని, పక్కన పుస్తకం పేరు పెడతారు. 5.7కు ముందు మైఎస్‌క్యూఎల్ మామూలు సెట్టింగుల్లో దీన్ని కిమ్మనకుండా నడిపి, పేరును ఆ గ్రూపులో ఏదో ఒక వరుస నుంచి ఇచ్చేది. తేదీ ఒక వరుసది, పేరు ఇంకో వరుసది. 2015లో వచ్చిన 5.7 నుంచి మామూలుగానే ఎర్రర్ వస్తోంది. విచిత్రమేమిటంటే, ఆ ఎర్రర్ పోవాలంటే ఫలానా మోడ్ ఆఫ్ చేయమనే పాత సలహాలు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. అలా చేస్తే ఎర్రర్ పోతుంది, తప్పు జవాబు తిరిగొస్తుంది. ఎస్‌క్యూలైట్ దారి వేరు: మ్యాక్స్ ఒక్కటే వాడితే, మిగతా కాలమ్‌లను గరిష్ఠ విలువ ఉన్న వరుస నుంచే ఇస్తుంది. అక్కడ చక్కగా నడిచిన క్వెరీని పోస్ట్‌గ్రెస్‌కు తీసుకెళ్తే ఎర్రర్ వస్తుంది.

రో నంబర్ అనే విండో ఫంక్షన్ (ఒక్కో గుంపులో వరుసలకు వరుస సంఖ్య వేసేది) వాడితే అన్నిచోట్లా ఒకేలా పనిచేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో 2009 నుంచి, మైఎస్‌క్యూఎల్ 8.0లోనూ ఎస్‌క్యూలైట్ 3.25లోనూ 2018 నుంచి ఇది ఉంది. అయినా ఒక సందేహం మిగులుతుంది. ఒకే రోజు రెండు పుస్తకాలు తీసుకుంటే ఆఖరిది ఏది? తేదీ మాత్రమే రాసుకున్న టేబుల్‌లో దానికి జవాబు లేదు. సమయం కూడా రాసుకోవాలా, రెండూ చూపించాలా అన్నది రాసేవాళ్లు తేల్చుకోవలసిందే.

నల్ గురించి కొంచెం. సభ్యుల టేబుల్‌లో "ఎవరు పరిచయం చేశారు" అనే కాలమ్ ఉంది, కొందరికి అది ఖాళీ. ఎవరినీ పరిచయం చేయనివాళ్ల జాబితా కోసం నాట్ ఇన్ (జాబితాలో లేనివి) వాడితే ఒక్క వరుస కూడా రాదు. క్వెరీలు రాసే భాషైన ఎస్‌క్యూఎల్‌లో నల్‌తో పోలిస్తే వచ్చే ఫలితం అవునూ కాదు, కాదూ కాదు, "తెలియదు". జాబితాలో ఒక్క నల్ ఉన్నా "ఇందులో ఇది లేదు" అని డేటాబేస్ గట్టిగా చెప్పలేదు. అలాంటి వరుస ఒక్కటీ లేదని చూసే నాట్ ఎగ్జిస్ట్స్‌కు ఈ బెడద లేదు. ఇంతకంటే నెమ్మదిగా పనిచేసే విషం ఒకే నల్‌కు రెండు అర్థాలు ఇవ్వడం. తిరిగిచ్చిన తేదీ ఖాళీగా ఉంటే "ఇంకా బయటే ఉంది" అన్నాం. పుస్తకం పోయిందని తెలిసినప్పుడూ ఆ కాలమ్‌ను ఖాళీగానే వదిలేస్తే, బయట ఉన్న పుస్తకాల జాబితాలో అది ఏళ్ల తరబడి కూర్చుంటుంది. పోయిన సంగతికి దాని చోటు దానికి ఉండాలి.

కీలు, రకాలు

పుస్తకానికి ఐఎస్‌బీఎన్‌నే (పుస్తకాలకు వేసే అంతర్జాతీయ నంబరునే) ప్రైమరీ కీగా (వరుసను గుర్తుపట్టే కాలమ్‌గా) పెట్టవచ్చు కదా అన్నది సమంజసంగా కనిపించే ఆలోచన. ఆ పద్ధతి అంతర్జాతీయ ప్రమాణంగా 1970లో వచ్చింది. అంతకుముందు అచ్చయిన చాలా పుస్తకాలకు అది ఉండదు. 2007 జనవరి 1న పది అంకెల నుంచి పదమూడు అంకెలకు మారింది. ఒకే నంబరు పొరపాటున రెండు పుస్తకాలకు పడిన సందర్భాలూ ఉన్నాయి. బయటివాళ్లు కేటాయించే నంబర్లన్నిటి సంగతీ ఇంతే. అది మారదని యాప్ రాసేవాళ్లు హామీ ఇవ్వలేరు. మనం పెట్టుకున్న ఐడీని కీగా ఉంచి, ఐఎస్‌బీఎన్‌ను మామూలు కాలమ్‌గా పెట్టుకోవడం నయం. అలాగని ఐడీ ఒక్కటి పెట్టేసి ఊరుకుంటే ఒకే సభ్యుడు రెండుసార్లు నమోదవుతాడు. అసలు ప్రపంచంలో రెండోసారి రాకూడనిదేదో చూసి దాని మీద కూడా యునీక్ నియమం పెట్టాలి.

ఐడీ వరుస సంఖ్యలా ఉండాలా, యూయూఐడీగా (ఎక్కడ పుట్టినా రెండోసారి దాదాపు రాని పొడవాటి గుర్తుగా) ఉండాలా అన్న చర్చకు సరదా ప్రాజెక్టుల్లో దక్కే సమయం దాని ప్రాధాన్యానికి మించినది. ఆఫ్‌లైన్‌లో వేర్వేరు ఫోన్లలో వరుసలు పుట్టి తర్వాత కలవాలంటే యూయూఐడీ కావాలి. అలాంటి అవసరం లేకపోతే వరుస సంఖ్య చాలు. యాదృచ్ఛిక యూయూఐడీలు ఇండెక్స్‌ను చెల్లాచెదురు చేస్తాయన్న భయం ఉంటే, 2024లో ప్రామాణికమైన ఏడో వెర్షన్ సమయక్రమంలో పుడుతుంది.

కాలమ్ రకాల దగ్గర మాత్రం జాగ్రత్త పడాల్సింది చాలా ఉంది. ఎందుకంటే వీళ్లలో ఎక్కువమంది మొదలుపెట్టేది ఎస్‌క్యూలైట్‌తో, అది ఈ విషయంలో మహా ఉదారం. ఇంటిజర్ (పూర్ణాంకం) అని చెప్పిన కాలమ్‌లో అక్షరాలు రాసినా ఏమీ అనకుండా దాచుకుంటుంది. రకాన్ని కచ్చితంగా పాటించే స్ట్రిక్ట్ టేబుళ్లు 2021లో 3.37 వెర్షన్‌తో వచ్చాయి, కానీ అడిగితేనే. ఫారిన్ కీలు (ఇంకో టేబుల్‌లో ఉన్న ఐడీయే రాయాలనే నియమాలు) కూడా మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, ప్రతి కనెక్షన్‌లోనూ ప్రాగ్మా అనే సెట్టింగ్ ఆదేశంతో ఆన్ చేసుకోవాలి. టేబుల్ నిర్వచనంలో ఫారిన్ కీ రాసి ఉంది, అయినా లేని సభ్యుడి పేరు మీద పుస్తకం ఎలా వెళ్లిందన్న ప్రశ్నకు జవాబు తరచూ ఇదే. మైఎస్‌క్యూఎల్‌కూ ఇలాంటి చరిత్ర ఉంది. 2019లో 8.0.16 వచ్చేదాకా చెక్ నియమాలను (కాలమ్‌లో ఏ విలువలు ఉండవచ్చో చెప్పేవాటిని) చదివి, పక్కన పడేసేది.

తేదీలను రోజు, నెల, సంవత్సరం క్రమంలో అక్షరాలుగా దాస్తే వరసక్రమం చెడిపోతుంది, ఏప్రిల్ 3వ తేదీయా మార్చి 4వ తేదీయా అన్న అనుమానమూ మిగులుతుంది. ఎస్‌క్యూలైట్‌లో తేదీకి ప్రత్యేక రకం లేదు కాబట్టి సంవత్సరం ముందు వచ్చే ఐఎస్ఓ పద్ధతిలో రాసుకోవాలి. జరిగిపోయిన సంఘటనల సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాచుకోవడం మంచిదే. అయితే అందరూ అన్నిటికీ అదే మంత్రం చదువుతారు. రాబోయే అపాయింట్‌మెంట్లకు అది పనికిరాదు. ఈలోగా ఆ దేశం గడియారం మార్పు నియమాలు సవరిస్తే, యూటీసీలో దాచిన సమయం గంట తేడాగా చూపిస్తుంది. అక్కడ స్థానిక సమయాన్నీ, టైమ్ జోన్ పేరునూ విడిగా దాచుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో "టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్" అనే రకం పేరు చూసి జోన్‌ను కూడా అదే దాచుకుంటుందనుకుంటారు. అది విలువను యూటీసీలోకి మార్చుకుని జోన్‌ను వదిలేస్తుంది.

వేగం గురించిన టెన్షన్

రేపు లక్షల మంది వాడితే ఏమవుతుందన్న ఆందోళన, ఇంకా ఒక్కరూ వాడని యాప్‌కు కూడా ఉంటుంది. బి-ట్రీ ఇండెక్స్‌ను రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్రైట్ బోయింగ్ పరిశోధనశాలలో రూపొందించి 1972లో ప్రచురించారు. ఇప్పటి రిలేషనల్ డేటాబేస్‌లు దాదాపు అన్నీ దాని మీదే నడుస్తున్నాయంటే అతిశయోక్తి కాదు. ఒక్కో పేజీలో (డిస్క్ నుంచి ఒకసారి చదివే ముక్కలో) వందల కీలు పడతాయి కాబట్టి పది లక్షల వరుసల్లో ఒకదాన్ని వెతకడానికి మూడు నాలుగు పేజీలు చదివితే చాలు. సరదా ప్రాజెక్టుల్లో చాలావాటి డేటా ఆ దరిదాపులకు కూడా పోదు.

నెమ్మదించినప్పుడు కారణం సాధారణంగా ఇండెక్స్ లేకపోవడమో, ఉన్నదాన్ని వాడనివ్వకుండా క్వెరీ రాయడమో. తేదీ కాలమ్ నుంచి ఫంక్షన్‌తో సంవత్సరం తీసి పోలిస్తే, ఆ కాలమ్ మీది మామూలు ఇండెక్స్ అక్కరకు రాదు. సంవత్సరం మొదలు, చివర తేదీల మధ్య అని రాస్తే వస్తుంది. పేరు మధ్యలో ఎక్కడో ఉన్న ముక్క కోసం వెతికినా అంతే. పోస్ట్‌గ్రెస్ ఫారిన్ కీ కాలమ్‌కు తనంతట తాను ఇండెక్స్ వేయదు. మైఎస్‌క్యూఎల్‌లో డేటా దాచే భాగమైన ఇన్నోడీబీ వేస్తుంది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినవాళ్లకు ఇది తెలియక డిలీట్‌లు నత్తనడక నడుస్తాయి. ఊహించుకుంటూ కూర్చునే బదులు ఎక్స్‌ప్లెయిన్ (క్వెరీని ఎలా నడుపుతుందో డేటాబేస్ చెప్పే కమాండ్) నడిపి చూస్తే క్షణంలో తేలిపోతుంది.

ఓఆర్ఎం (ప్రోగ్రామ్ కోడ్ నుంచి క్వెరీలను తానే తయారుచేసే లైబ్రరీ) వాడేవాళ్లకు ఇంకో ఇక్కట్టు. యాభై పుస్తకాల జాబితాకు ఒక క్వెరీ, ఒక్కోదాని రచయిత కోసం ఇంకోటి, మొత్తం యాభై ఒకటి. డేటాబేస్ వేరే మెషీన్‌లో ఉంటే ప్రతిదానికీ నెట్‌వర్క్ ప్రయాణం తప్పదు. అదే ఎస్‌క్యూలైట్ ప్రోగ్రామ్‌లోనే భాగంగా నడుస్తుంది కాబట్టి చిన్న చిన్న క్వెరీలు అనేకం నడపడం అక్కడ తప్పేమీ కాదని దాని రచయితలే రాశారు. ఏ సలహా అయినా ఏ డేటాబేస్‌ను మనసులో పెట్టుకుని చెప్పిందో చూసి పాటించాలి.

యూజర్ టైప్ చేసినదాన్ని క్వెరీ అక్షరాల్లో అతికించకూడదన్న మాట ఎన్నిసార్లు చెప్పినా పాతబడదు. అలా అతికిస్తే యూజర్ తన ఆదేశాలనే క్వెరీలో దూర్చగలడు. ఈ దాడి పద్ధతి (ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్) గురించి 1998 నుంచీ బహిరంగంగా రాస్తూనే ఉన్నారు. పారామీటర్లు (విలువలను క్వెరీకి విడిగా పంపే పద్ధతి) వాడితే విలువల సంగతి తీరిపోతుంది. టేబుల్ పేరు, కాలమ్ పేరు మాత్రం పారామీటర్‌గా వెళ్లవు. ఏ కాలమ్ ప్రకారం వరసపెట్టాలో యూజర్ ఎంచుకునేచోట చాలామంది మళ్లీ అతికించడంలోకి జారిపోతారు. అక్కడ ఒప్పుకునే పేర్ల జాబితాను ప్రోగ్రామ్‌లోనే ఉంచుకుని, అందులో ఉన్నదాన్నే వాడాలి.

ఏ డేటాబేస్ ఎంచుకోవాలన్న ప్రశ్నకు పెద్ద చర్చ అక్కర్లేదు. ఒకే మెషీన్ మీద నడిచే యాప్‌కు ఎస్‌క్యూలైట్, ఒకేసారి చాలామంది రాయాల్సి వస్తే పోస్ట్‌గ్రెస్. మిగతావి బాగాలేవని కాదు, ఈ రెండూ ఉచితం, రెండింటి డాక్యుమెంటేషనూ చక్కగా ఉంటుంది. పైన చెప్పిన ఆకారం చిక్కులు ఏది ఎంచుకున్నా అలాగే ఉంటాయి. చాట్‌బాట్‌తో క్వెరీ రాయించుకున్నా అంతే. ఇచ్చిన టేబుళ్లు సరైనవేనని నమ్మి, వాటికి తగ్గ క్వెరీని అది చకచకా రాసిస్తుంది.

ఆకారం మార్చాల్సి వచ్చినప్పుడు

డేటా చేరాక టేబుళ్లు విడదీయడమంటే భయం సహజమే, కానీ అనుకున్నంత ప్రమాదమేమీ కాదు. పోస్ట్‌గ్రెస్‌లోనూ ఎస్‌క్యూలైట్‌లోనూ టేబుల్ మార్పులను ట్రాన్సాక్షన్‌లో (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదనే ఒకే కట్టలో) పెట్టవచ్చు, మధ్యలో ఏదైనా చెడితే రోల్‌బ్యాక్ చేయవచ్చు (వెనక్కి తీసుకోవచ్చు). మైఎస్‌క్యూఎల్‌లో అలాంటి స్టేట్‌మెంట్ రాగానే అప్పటిదాకా చేసినదంతా కమిట్ (ఖాయం) అయిపోతుంది, వెనక్కి తీసుకోలేం. ఎస్‌క్యూలైట్‌లో కాలమ్ రకాన్ని నేరుగా మార్చే వీలు లేదు కాబట్టి కొత్త టేబుల్ కట్టి, డేటా పోసి, పాతది తీసేసి, పేరు మార్చాలి.

దేన్నీ ముట్టుకోకముందే బ్యాకప్ ఉండాలి. యాప్ నడుస్తుండగా ఎస్‌క్యూలైట్ ఫైల్‌ను మామూలుగా కాపీ చేస్తే కాపీ చెడిపోవచ్చు. డబ్ల్యూఏఎల్ (మార్పులను ముందు విడి లాగ్‌లో రాసే) మోడ్‌లో తాజా మార్పులు పక్కనున్న వేరే ఫైల్‌లో కూడా ఉంటాయి. అందుకే బ్యాకప్ కమాండ్‌నో, వాక్యూమ్ ఇంటూనో వాడి కాపీ తీసుకుని, ఆ కాపీని తెరిచి ఇంటెగ్రిటీ చెక్ (ఫైల్ చెడలేదని చూసే కమాండ్) నడిపి చూసుకోవాలి.

కామాలతో ఉన్న రచయితల కాలమ్‌ను విడగొట్టడంలో స్క్రిప్ట్ రాయడం చిన్న పని. ఒకే మనిషి పేరు ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట పొడి అక్షరాలతో, ఇంకోచోట స్పేస్ ఎక్కువై కనిపిస్తుంది. ఇంటిపేరు తర్వాత కామా పెట్టి రాసినచోట ఒకరు ఇద్దరవుతారు. స్పేస్‌లు సరిచేయడం వరకు ప్రోగ్రామ్ చేయగలదు. ఈ రెండు పేర్లూ ఒకరివేనా అన్నది పుస్తకం అట్ట చూసినవాళ్లే చెప్పాలి. అనుమానం ఉన్న వరుసలను వేరే టేబుల్‌లో పెట్టుకుని ఒక్కొక్కటే తేల్చుకోవాలి. విడగొట్టకముందు ఎన్ని పుస్తకాలకు రచయిత ఉన్నాడో, విడగొట్టాక ఎన్నిటికి ఉన్నాడో పోల్చి చూసి, రెండూ సరిపోయేదాకా పాత కాలమ్‌ను డ్రాప్ చేయకూడదు (తీసేయకూడదు).